పద్దెనిమిది బండల వరండా

ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పాను. దయ్యాలను నమ్మలేదు. నమ్మేవాళ్ళతో వాదించే ఓపిక కూడా ఉండేది కాదు. ఏ తారీఖున, ఎన్ని గంటలకు, ఎంత దూరంలో అని మూడు ప్రశ్నలు వేస్తే వాళ్ళ కథ అక్కడే ఆగిపోయేది. ఇప్పుడు రాస్తున్న సంగతిలో ఆ మూడింటికీ నా డైరీలో జవాబులున్నాయి. అయినా నాకు ఒరిగిందేమీ లేదు.

1992. మా ఆయన గోదావరిఖనిలో బొగ్గు గని ఆఫీసు నుంచి మార్చిలో రిటైరయ్యారు. నేను పెద్దపల్లి బడి నుంచి అంతకు ముందు ఏడాదే రిటైరయ్యాను. కంపెనీ క్వార్టరు జూన్ ఆఖరుకు ఖాళీ చేయాలి. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన ఇల్లు, మాది కాదు. సొంతమని చెప్పుకోవడానికి మాకెక్కడా ఒక గోడ లేదు. ఆయనకు దమ్ము, ఉబ్బసం. ఆసుపత్రులు దగ్గరగా ఉంటాయని కరీంనగర్‌లో వెతికాం.

పదకొండు ఇళ్ళు చూశాం. ఏదీ మా చేతికి అందలేదు. పన్నెండోది ఒక పాత ఆఫీసు. ఒక కాంట్రాక్టరు ఆ రెండంతస్తుల మేడను కొని, పెద్ద గదుల మధ్య గోడలు లేపి, ఆరు ఫ్లాట్లు చేస్తున్నాడు. మాకు చూపించింది పై అంతస్తులో వరండా చివరిది. ధర మా ఇద్దరి పీఎఫ్ డబ్బుకు అందేటట్టు ఉంది. అందుకే దాన్ని వదలలేకపోయాను.

ఆ కాంట్రాక్టరు నోటి నుంచి ఒక్క సూటి జవాబు రాలేదు. తొమ్మిది ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చాను. ఆఫీసు పేరు మీదున్న కరెంటు మీటరు ఎప్పుడు మారుతుంది? ఫైళ్ళు పెట్టుకున్న గది వంటిల్లయితే ఆ నీళ్ళు ఎటు పోతాయి? మేడ మొత్తానికి ఒకటే మరుగుదొడ్డి ఉండేది కదా, ఇప్పుడు ఆరు ఇళ్ళ గొట్టాలు ఎక్కడ కలుస్తాయి? ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అన్నీ అయితయమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. వెళ్ళిన ప్రతిసారీ అదే మాట. ఆ జవాబుల కోసమే నాలుగుసార్లు బస్సెక్కాల్సి వచ్చింది.

మొదటిసారి మే 10, పగలు పదకొండు గంటలు. గడప దగ్గర చెప్పులు విడిచాను. ఇల్లనుకుని చూడడానికి వచ్చి చెప్పులతో లోపలికి పోవడం నాకు చేతకాదు. కాంట్రాక్టరు బూట్లతోనే వస్తూ నవ్వాడు. "ఇంక సున్నమే వెయ్యలే, అప్పుడే గృహప్రవేశమా అమ్మా?"

గదులన్నీ టేపుతో కొలిచి అరగంటలో బయటికి వచ్చాను. చెప్పులు లేవు. వరండా ఆ కొసన, మెట్ల దగ్గర, గోడ పక్కన ఉన్నాయి. ఎవరో జత కలిపి, వేళ్ళు మా ఫ్లాటు వైపు ఉండేటట్టు పెట్టారు. వట్టికాళ్ళతో నడుస్తూ షాబాదు బండలు లెక్కపెట్టాను. పద్దెనిమిది. నా పక్కనే విడిచిన మా ఆయన చెప్పులు మాత్రం గడప దగ్గరే ఉన్నాయి.

కూలీలను అడిగాను. అందరూ కింద ఇసుక జల్లిస్తున్నారు. పైకి ఎవరూ రాలేదన్నారు.

"నీ చెప్పులకు కాళ్ళొచ్చినయే. నీకంటె జల్ది ఇల్లు చూసి పోతున్నయి" అన్నారు మా ఆయన.

మే 17. మళ్ళీ గడప దగ్గరే విడిచాను. బయటికి వచ్చేసరికి పన్నెండో బండ మీద ఉన్నాయి. వేళ్ళు మళ్ళీ మా వైపే. ఆ రోజు వాచ్‌మన్ లచ్చయ్యను పట్టుకున్నాను. అక్కడ ఆఫీసు ఉన్నప్పుడు అతను అందులోనే అటెండరు. కాంట్రాక్టరు కాపలాకు ఉంచుకున్నాడు.

"నవ్వద్దు మేడం," అన్నాడు. "ఇది ముంపోళ్ళ ఆఫీసు. ఆనకట్ట నీళ్ళల్ల ఊళ్ళు మునిగినోళ్ళకు ఇంటి జాగలిచ్చేది. పొద్దుగాలనే వచ్చి మెట్ల కాడికెల్లి లైన్ గట్టేటోళ్ళు. ఎంతసేపని నిలవడ్తరు? చెప్పులు లైన్ల వెట్టి పోయి నీడకు కూసునేటోళ్ళు. ముందటోని పని అయిందంటె నేనే ఒక్కొక్క జత ముందుకు జరిపేటోన్ని."

"ఇప్పుడు గూడ నువ్వే జరుపుతున్నవా?"

"నా నడుము వంగుతదా మేడం? చీపురు గూడ నిలవడే పడుతున్న."

"మరి అందరికీ జాగలు దొరికినయా?"

"ఆఫీసు ఎత్తేసిన నాడు గూడ లైన్ల చెప్పులున్నయి" అని బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

మే 24. ఈసారి మా ఆయనను వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆయనకు అప్పజెప్పిన పని ఒక్కటే, నా చెప్పులు చూడడం. ఇరవై అయిదు నిమిషాల తర్వాత వచ్చి చూస్తే స్టూలు ఉంది, ఆయన ఉన్నారు, చెప్పులు ఆరో బండ మీద ఉన్నాయి.

"మీరు చూడలేదా?"

"చూస్తనే ఉన్ననే."

"మరి ఎట్ల జరిగినయి?"

"జరుగంగ చూడలే. జరిగినంక చూసిన."

"పేపర్ చదివిండ్రా?"

"చదువలే. హెడ్డింగులే చూసిన."

ఒక్క సాక్షి దొరికితే ఆ సాక్షీ ఇట్లా తగలబడ్డాడు. బస్సులో డైరీ తీసి మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాశాను.

పద్దెనిమిది, పన్నెండు, ఆరు. పిల్లలకు శ్రేఢులు చెప్పినప్పుడు ఇంత చక్కటి ఉదాహరణ నేనెన్నడూ ఇవ్వలేదు. తర్వాతి పదం సున్నా.

మే 31 బయానా ఇవ్వాల్సిన రోజు. అప్పటిదాకా ఫ్లాటు నా ఒక్కదాని పేరు మీదే అనుకున్నాం. ముందురోజు సాయంత్రం టీ కాస్తూ, "ఇద్దరి పేర్ల మీద రాయిద్దాం" అన్నాను. ఆయన సరే అన్నారు. ఆ మాట మా వంటింట్లో మా ఇద్దరి మధ్యే జరిగింది. మూడో మనిషికి చెప్పలేదు.

ఆ రోజు లోపలికి పోయే ముందు నా చెప్పుల చుట్టూ సుద్దముక్కతో గీత గీశాను. కాంట్రాక్టరు గడియారం చూపించాడు. "పన్నెండింటికి ఇంకో పార్టీ వస్తుండు. మీరు ఊఁ అంటరా, ఉహూఁ అంటరా?"

డబ్బు సంచి తీసుకుని కాగితం రాయడానికి కిందికి పోదామని బయటికి వచ్చాం. నా చెప్పులు సుద్దగీతలోనే ఉన్నాయి. సున్నా అంటే అదే కదా. అవి అసలు కదలలేదా, కదలవలసినంత కదిలి అక్కడికే వచ్చాయా, చెప్పే దారి లేదు. రుజువు కావలసిన రోజునే నా రుజువు చేజారింది.

మా ఆయన చెప్పులు అక్కడ లేవు. మెట్ల దగ్గర గోడ పక్కన, పద్దెనిమిదో బండ మీద ఉన్నాయి.

ఆయన వట్టికాళ్ళతో అక్కడిదాకా నడిచారు. వాటిని తొడుక్కోలేదు, వాటి వెనుక నిలబడ్డారు. అక్కడి నుంచే, "నిన్నటి మాట గీయనకు చెప్పినవా?" అని అడిగారు. లేదన్నాను.

"అయితే నీ నంబరొచ్చింది, నాది ఇంక రాలే. నువ్వు రాసుకో" అన్నారు. ఆ గొంతులో ఎగతాళి లేదు.

"ఏం నంబరు సార్?" అన్నాడు కాంట్రాక్టరు. నా ఒక్కదాని పేరు మీదే రాయించాను. అప్పుడు పన్నెండుకు పది నిమిషాలు.

జూన్ 20న దిగాం. మా ఆయన ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళ రెండు నెలలు ఉండి, అక్కడే పోయారు. అన్నేళ్ళూ రోజూ గమనించాను. గడప దగ్గర విడిచిన చెప్పులు మళ్ళీ ఒక్క అంగుళం జరగలేదు. నా తొమ్మిది ప్రశ్నల్లో ఆరింటికి ఈనాటికీ జవాబు లేదు. వానాకాలం డాబా నీళ్ళు దిగే మోరీ పొంగి వరండాలోకి వస్తుంది. దానికి కారణం గొట్టం సన్నగా వేయడం, అది నేను రుజువు చేయగలను.

ఆయన పేరు కాగితాల్లో కలపడానికి ఎన్నడూ పోలేదు. ఆయన అడగలేదు, నేను ఎత్తలేదు. ఆయన పోయాక మా అమ్మాయి, "బాపు పేరు ఎందుకు పెట్టలేదవ్వా?" అని అడిగింది. స్టాంపు ఖర్చు దండగని చెప్పాను. ఆ ఖర్చెంతో నాకు తెలుసు, అదొక లెక్కే కాదు. కన్నబిడ్డకు లెక్కల్లో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. ఆ వరండా లైన్లో ఆయన కంటే ముందు ఇంకా ఎంతమంది ఉన్నారో మాకు తెలియదని ఆ పిల్లకు ఎట్లా చెప్పను?