రైసూత్‌లో ఫ్రెంచి టీవీకి హారతి

మేం కూలికి పోయిన అరబ్బు దేశంలో, రైసూత్ ఓడరేవు పనులు చేస్తున్న మా కంపెనీ ఫ్రెంచివాళ్లది. ఇంజినీర్ల కుటుంబాలకు పన్నెండు విల్లాలు, వాటి పక్కన ఒక రేకుల కంటైనరు ఉండేవి. ఆ కంటైనరే టీవీ స్టేషను. నవ్వకండి. టీవీ అంటే జనం ఎగబడి చూసే ఆ డెబ్బైల్లో మాకు సొంత స్టేషను ఉండేది, అదీ ఫ్రెంచిలో. ఒక కెమెరా, ఒక టేపు మిషను, విల్లాలకు లాగిన పన్నెండు వైర్లు, అంతే. దాన్ని నడిపేది ఒక ఇంజినీరు భార్య. మేమంతా మేడం అనేవాళ్లం. జగిత్యాల దగ్గర మోటార్లు బాగుచేసిన చేతులు కదా అని నన్ను కాంక్రీటు గ్యాంగులోంచి తీసి ఆవిడకు సాయంగా వేశారు.

ఆ డ్యూటీలో నాకు నచ్చింది ఫ్రెంచి కాదు, ఏసీ. మిషను వేడెక్కకూడదని పెట్టించారు. రూమ్ వాళ్లంతా ఎండకు మాడి వస్తే నేను తుమ్ముతూ వచ్చేవాణ్ణి. వాళ్లు నామీద కళ్లల్లో నిప్పులు పోసుకుంటుంటే నాకు భలే హాయిగా ఉండేది.

మొదటి రోజు మేడం పది నిమిషాలు చక్కగా మాట్లాడింది. కెమెరా మూత తీయడం నేను మరిచిపోయాను. విల్లాల్లో నల్లటి తెర మీద గొంతు మాత్రమే వినిపించింది. ఆవిడ తిట్టలేదు, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఒక గంట కార్యక్రమం ఉండేది. ఎవరొచ్చారు, ఎవరి పాపకు పుట్టినరోజు, మెస్సులో ఏం వండారు అనే వార్తలు ముందు. తర్వాత ఓడలో వచ్చిన టేపు.

అక్కడి వానాకాలంలో సముద్రం రేగి ఓడలు ఆగిపోయాయి. టేపుల పెట్టె రాలేదు. ఉన్న ఒక్క వంటల టేపునే మేడం ఎనిమిదిసార్లు వేసింది. కోడి ఉడికేలోపే జనం టీవీ కట్టేయడం మొదలుపెట్టారు. మేనేజరు వచ్చి, పన్నెండు ఇళ్లవాళ్లు కూడా చూడని స్టేషను ఎందుకు, శుక్రవారంతో ఆపేయండి, కంటైనరులో సిమెంటు పెట్టుకుంటాం అని చెప్పి వెళ్లాడు. మేడం కళ్లు తుడుచుకుంది. నాకు ఆవిడ మీద జాలి కలిగిన మాట నిజమే. నామీద నాకు అంతకన్నా ఎక్కువ జాలి కలిగింది.

మా మేస్త్రీ ఊళ్లో చిరుతల భజనకు గురువు. క్యాంపులో కూడా సెలవునాడు చెక్క చిరుతలు చేతబట్టి పదిమందిని గుండ్రంగా నిలబెట్టి ఆడించేవాడు. షట్టరింగు చెక్క ముక్కలతో చిరుతలు చేసుకున్నారు. గజ్జెలకు బదులు వాషర్లు తాడుకు గుచ్చి కాళ్లకు కట్టుకున్నారు. శుక్రవారం వీళ్లను కెమెరా ముందు ఆడిద్దామని మేడంతో అన్నాను. మునిగేవాడికి గడ్డిపోచ ఆసరా కదా, సరేనంది.

కంటైనరులో ఆడితే నేల దిగబడుతుంది కాబట్టి బయటే రేకుల పందిరి కింద ఆడారు. సన్నని జల్లు పడుతోంది. పదిమంది ఒక్కసారి వంగి లేచి చిరుతలు కొడుతుంటే నా ఒళ్లు పులకరించింది. కెమెరా వెనక నేను కూడా అడుగు వేయబోతే బొమ్మ ఊగుతోందని మేడం నా చొక్కా పట్టుకుని ఆపింది. అరగంట అయిపోయింది. ఇక చాలని సైగ చేశాను. మేస్త్రీ ఒప్పుకోలేదు.

"హారతి ఇయ్యకుంట లేస్తె సూసెటోళ్లను ఎల్లగొట్టినట్టే తమ్మీ."

ఇవ్వాల్సిందేనన్నది నాకూ తెలుసు. చూసిన ప్రతివాడి ముందుకూ పళ్లెం పోవాలి, ఒక్కడిని దాటేసినా తప్పే. కానీ చూసేవాళ్లు విల్లాల్లో ఉన్నారు. మేస్త్రీ మాత్రం, వాళ్లంతా ఇందులోంచే కదా చూస్తున్నారని, కర్పూరం వెలిగించిన మెస్సు పళ్లేన్ని కెమెరా కంటి ముందు పెట్టి నింపాదిగా మూడుసార్లు తిప్పాడు. నేను కూడా కళ్లకద్దుకున్నాను. తలెత్తేసరికి అద్దమంతా మసి.

నా పని అయిపోయిందనుకున్నాను. మేడం మాత్రం మైకు వదల్లేదు. నల్లబడిన తెర మీద గబగబా ఫ్రెంచిలో ఏదో చెప్పింది. ఈ దీపం మీ కోసమే, మీ ఇంటి దాకా తేలేక కెమెరాకు ఇచ్చారు, కావాలంటే ఇక్కడికి రండి అని చెప్పానని తర్వాత నాతో ఇంగ్లీషులో అంది. అయిదు నిమిషాల్లో విల్లాల తలుపులు తెరుచుకున్నాయి. గొడుగులతో, పిల్లలతో అందరూ వచ్చి వరుసలో నిలబడ్డారు. మేనేజరు కూడా వచ్చాడు. చేతులు ఎలా పెట్టాలని నన్నడిగాడు. చూపించాను.

హారతి తీసుకుని ఆయన అసలు సంగతికి వచ్చాడు. ఇవాళ బాగుంది గానీ పన్నెండు ఇళ్ల కోసం రోజూ నడపలేమన్నాడు. నేను మేస్త్రీకి తెలుగులో చెప్పాను. మేస్త్రీ పళ్లెం దించకుండానే అన్నాడు.

"మా లేబర్ క్యాంపుకు గుడ వైరు గుంజుమను. నూరుమందిమి దినాం సూస్తం."

అంతా ఫ్రెంచిలో ఉంటుంది, మీకేం అర్థమవుతుందని మేనేజరు అడిగాడు.

"మా భజన వాళ్లకేం సమజైందో అడుగు తమ్మీ. వానల నడిసి రాలేదా?"

నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మేనేజరు వరుసలో నిలబడ్డ తన వాళ్లకేసి చూశాడు. నవ్వేశాడు. రేపు స్టోర్‌లో వైరు, ఒక పాత టీవీ తీసుకోమన్నాడు.

మర్నాడు డ్యూటీ దిగగానే మా వాళ్లే వైరు చుట్టలు మోసి, ఎత్తి కట్టారు. సాయంత్రం మేడం మైకు ముందు కూర్చుని ఎప్పటిలాగే శుభసాయంత్రం చెబుతూ బోన్‌స్వార్ అంది. ఆవరణకు అవతల లేబర్ క్యాంపులోంచి నూరు గొంతులు ఒక్కసారిగా "బోన్‌స్వార్ అమ్మా" అనడం కంటైనరు దాకా వినిపించింది. మేడం వార్తల కాగితం పక్కన పెట్టింది. కిటికీ తెరిచి, ఈసారి వాళ్లకు వినపడేలా మళ్లీ చెప్పింది.