సద్వకాస్ కోయని చెవి

మా మామగారు జుమకాన్ ఇరవయ్యేళ్ల వయసులో సైన్యంలో గొర్రెలు తోలారు. నవ్వకండి. అవి అణుబాంబు పేల్చి చూసే మైదానంలో మేకులకు కట్టేసిన గొర్రెలు. పేలాక, దుమ్మింకా అణగకముందే వెళ్లి బతికినవాటిని వెనక్కి తోలుకురావాలి. ఆయన సైనిక సర్వీసు పుస్తకంలో మాత్రం "గోదాము పని" అని రాశారు.

ఇప్పుడాయన రక్తం పాడైంది. ఆ జబ్బుకు వైద్యం చేసే ఆసుపత్రిలో చేర్చుకోవాలంటే, ఆయన ఆ మైదానంలో ఉన్నారని తోటి సైనికుడెవరైనా సాక్ష్యం చెప్పాలట. పన్నెండు మంది దళంలో ఆయన కాక బతికున్నది వంటవాడు సద్వకాస్ ఒక్కడే. ఏటా వస్తాడు, గుర్రాల కబుర్లు చెబుతాడు. సాక్ష్యం మాటెత్తితే, "నోరు విప్పబోమని సంతకం పెట్టాం కదరా" అంటూ టోపీ వెతుక్కుంటాడు. ఆ సంతకం పెట్టించుకున్న దేశమే ఇప్పుడు లేదు! నాకు ఒళ్లు మండేది.

ఈసారి ఆయన వచ్చేసరికి టేపురికార్డరు తెచ్చి భోజనాల దగ్గరే పెట్టాను. ఉడికించిన గొర్రె తల ఆయన ముందుంచాను. పెద్ద అతిథి దాని చెవి కోసి ఇంట్లోవాళ్లకివ్వడం మా మర్యాద. ఆయన ఎప్పటిలాగే పళ్లెం మామగారివైపు నెట్టాడు.

"నువ్వే కొయ్యరా జుమకాన్."

"ఇరవయ్యేళ్లుగా నేనే కోస్తున్నా. నా ఇంటికి నేనే చుట్టాన్నా? కొయ్యి."

"పళ్లూడినోడికి తల దేనికిరా?"

"కొయ్యడానికి పళ్లెందుకు? నేను చచ్చిపోతున్నా సద్వకాస్. నీ మాట ఒక్కటి చాలు, నాకు ఆసుపత్రిలో మంచం దొరుకుతుంది."

సద్వకాస్ కత్తి తీసుకుని చెవి పట్టుకున్నాడు. కొయ్యకుండానే కత్తి పళ్లెంలో పెట్టేశాడు.

"ఆ మిషను ఆపమ్మా కోడలా."

నేను ఆపలేదు.

"ఆ మైదానం గొర్రెల ఎడమ చెవికి ఉండేది రేకు బిళ్ల," అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. "ఆ చలికాలం మూడ్రోజులు సరుకుల బండి రాలేదు. మీరు తోలుకొచ్చినవాటిలో ఒకదాన్ని కోశాను. చెవి, బిళ్ల పాతిపెట్టేసి, ఊళ్లో కొన్న మాంసమని పెట్టాను. మీరు పదకొండు మందీ తిన్నారు. నేను... నేను తినలేదురా. ప్రమాణం చేసి నిలబడితే ఇది దాచలేను. నీ మొహం చూస్తూ ఎలా చెప్పను?"

ఆయన్ని మెడపట్టి గెంటెయ్యాలనిపించింది. లేచాను కూడా. మామగారు చేత్తోనే కూర్చోమన్నారు.

"మనవాళ్లని ఆ గొర్రె చంపిందో, దుమ్ము చంపిందో ఎవడికి తెలుసు? ఆ రోజు నాకు రెండోసారి వడ్డించావు. ఆ మైదానంలో కడుపు నిండింది ఆ ఒక్క పూటే," అన్నారు మెల్లగా. తర్వాత రికార్డరు ఆయన ముందుకు జరిపారు. "ఇదంతా మొదట్నించి చెప్పు. మా పేర్లతో సహా."

సద్వకాస్ మీసాలు తుడుచుకుని, పదకొండు పేర్లూ తడుముకోకుండా చెప్పాడు. తన పేరు చివర చెప్పాడు.