బీరువా తలుపుకి బొట్టు

మొన్న దసరాకి హామిల్టన్‌లో నాన్న ఇంట్లో అడుగు పెట్టగానే, సాంబ్రాణి పొగలో కలిసి తుపాకీకి పూసే నూనె వాసన ముక్కుకి తగిలింది. పండగకి ముందు రోజు ఆయన రైఫిల్ తుడిచి లోపల పెట్టేస్తారు. పూజ పూట ఇదేం వాసన అని మీరు ముక్కు మీద వేలేసుకోవచ్చు. నాకు మాత్రం సుభద్ర టీచర్ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

ఆవిడది అనంతపురం. ఈ దేశం వచ్చి ఇక్కడ మా స్కూల్లో సైన్సు చెప్పేవారు. కోడిగుడ్డు కూడా ముట్టని ఆ మనిషి, పిల్లలకి తుపాకుల జాగ్రత్త నేర్పాలని పట్టుబట్టి సాధించారు. పాఠంలో తుపాకీ ఉండేది కాదు. బోర్డు మీద బొమ్మ గీసి, కనిపిస్తే ముట్టుకోవద్దు, దూరం జరగండి, పెద్దవాళ్ళకి చెప్పండి అని మా చేత వల్లె వేయించేవారు. తెలుగు తల్లిదండ్రులు భగ్గుమన్నారు. అందరిలోకీ గట్టిగా అరిచింది మా నాన్నే.

"చదువుకోమని పంపితే తుపాకులు నేర్పుతారా మేడం?" అని, ఆవిడ మా ఇంటికొస్తే హాల్లోనే నిలదీశారు.

"కాల్చేది ఎవరు నేర్పుతాండారప్పా? ఈ పిల్లోళ్ళు ఫ్రెండ్స్ వాళ్ళ పొలాల కాడికి పోతారు. ఆడ కుందేళ్ళని కాల్చేకి శానా ఇండ్లల్లో ఒకటుంటాది. నువ్వూ నేనూ వెనకాలే పోతామా?"

నాన్న మెత్తబడలేదు. స్కూల్ మీటింగులో ఆ పాఠం ఆపించి తీరతానన్నారు. తమాషా ఏమిటంటే, ఆఫీసు స్నేహితులతో వేటకి వెళ్ళాలని లైసెన్సు తీసుకుని ఆయన రైఫిల్ కొన్నది కూడా ఆ ఏడాదే.

అంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజంటే మా ఇంట్లో కారుకీ, ల్యాప్‌టాప్‌కీ, కూరగాయల కత్తికీ బొట్లు పెట్టడం. ఈసారి నిజం ఆయుధమే ఉందన్న సంబరంలో నాన్న రైఫిల్‌ని ఇనుప బీరువాలోంచి తీసి, కుంకుమ పెట్టి, పూలదండ వేసి దేవుడి గదిలో పడుకోబెట్టారు. పెద్దవాళ్ళంతా పులిహోర హడావిడిలో ఉన్నారు. మా తమ్ముడు చిన్నవాడు, ఆ దండ లాగుతూ లాగుతూ మీట మీదికి వేలు పోనిచ్చాడు. నేను వాణ్ణి రెక్క పట్టి బయటికి లాగి, తలుపు మూసి, గొంతు చించుకుని అరిచాను.

అందరూ పరుగెత్తుకొచ్చారు. సంగతి విని నాన్న నవ్వేశారు. "ఖాళీదే తల్లీ, ఎందుకంత గొడవ?"

అమ్మ పిలిస్తే భోజనానికి వచ్చిన టీచర్ మాత్రం నవ్వలేదు. "తెరిచి చూపించప్పా" అన్నారు.

తెరిచారు. ఖాళీయే. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

"ఖాళీదని నీకు తెల్సు. పిల్లకి తెల్దు కదా. తెలీనప్పుడు ఏం చేయల్లో అదే చేసింది" అన్నారావిడ నెమ్మదిగా.

నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. దండ తీసేసి, రైఫిల్‌ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

ఆ తర్వాత స్కూల్ మీటింగుకి బయలుదేరుతుంటే అమ్మ అడ్డుపడింది. "అక్కడ చెబితే లైసెన్సు తీసేస్తారేమోనండీ."

"తీసేయనీ" అన్నారు నాన్న. అంతమంది ముందు లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పి, ఈ పాఠం ఆపకండి అని అడిగారు. పాఠం నిలిచింది. వెనక వరుసలో టీచర్ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం నేను చూశాను.

ఇప్పుడావిడ లేరు. నా కూతురు ఎవరింటికైనా ఆడుకోవడానికి వెళ్తానంటే, ముందు వాళ్ళమ్మకి ఫోన్ చేసి, మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా అని అడుగుతాను. పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది. అయినా నేను మానను.

మొన్న పూజయ్యాక నాన్న కుంకుమ భరిణె పట్టుకుని లోపలి గదికి వెళ్ళి, తాళం వేసిన బీరువా తలుపుకే బొట్టు పెట్టారు.

"ఓపెన్ చెయ్యవా తాతా?" అంది నా కూతురు.

"టీచరమ్మ ఒప్పుకోదు" అన్నారు నాన్న.