కోర్టు గదిలో కనబడని డిస్కులు

పికప్ వెనకాల పరుపు వేసి, మీద రెండు దుప్పట్లు పరిచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు సర్వర్ని పడుకోబెట్టారు. గులు పట్టణంలోని ఆ చిన్న రేడియో స్టేషన్లో దాన్ని పెట్టిన నాటి నుంచి ఎవరూ ఆపిన పాపాన పోలేదు. కరెంటు పోతే బ్యాటరీలు, బ్యాటరీలు నీరసిస్తే జనరేటరు. "మా పెట్టె నిద్రపోదు" అని స్టేషన్ పెద్ద కిదేగా వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఇవాళ ఆపక తప్పలేదు. కోర్టు తెమ్మంది.

ఆపింది ఫిల్దా అదోచ్. యుద్ధకాలంలో జనాన్ని ఊళ్ళలోంచి తోలుకొచ్చి కుక్కిన శిబిరంలో పుట్టిందామె. ఫోన్లకు చార్జింగు పెట్టే బడ్డీ కొట్టులో చేరి, అక్కడే టంకం పెట్టడం నేర్చింది. కంప్యూటర్ని నడిపించడానికి ఈ లినక్స్‌నే ఎందుకు పట్టుకున్నావని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు: "డబ్బులడగదు. మూత తీసి లోపల చూడొద్దని కూడా అనదు." రేడియో స్టేషన్లో తీగలూ, మైకులూ, ఈ సర్వరూ అన్నీ ఆమె చేతిమీదే నడుస్తాయి.

సర్వర్ పొట్టలో తేయావో ఊరి నేల ఉంది. శిబిరాలు ఎత్తేశాక తేయావో జనం ఇళ్ళకు తిరిగొస్తే అక్కడ కలప తోటల కంపెనీ బోర్డు పాతి ఉంది. ఎవరూ లేని ఖాళీ భూమని కాగితాల్లో రాయించుకున్నారు. తుపాకులు పెట్టి ఖాళీ చేయించిన నేలను ఖాళీగా ఉందని రాసుకోవడం ఎంత సులువు! లబేజా అనే ముసలాయన అప్పుడు రేడియో వాళ్ళను వెంటబెట్టుకుని సరిహద్దు పొడుగునా నడిచాడు. నడుస్తూ ప్రతి గుర్తూ చెప్పాడు; వాళ్ళు ఆ మాటలన్నీ రికార్డు చేసి ఈ సర్వర్లో దాచారు. ఆ తర్వాత కన్నుమూశాడు. ఆ హద్దు అంతలా తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. కాపీలైతే ఎవరైనా కత్తిరించి అతికించగలరని కంపెనీ లాయరు పేచీ పెట్టాడు. అసలు యంత్రమే రావాలన్నాడు. మేజిస్ట్రేటమ్మ సరేనంది.

కోర్టు గదిలో బల్లమీద పెట్టి ప్లగ్గు పెట్టారు. ఫ్యాన్లు గుర్రుమన్నాయి. తెర మీద తెల్లటి అక్షరాలు జరజరా పైకి పాకి ఒకచోట ఆగిపోయాయి. సిస్టమ్ ఉన్న డిస్కు దొరకలేదన్నది ఆఖరి వరుస. దాని కింద గీత మిణుకుమిణుకుమంటూ కూర్చుంది.

"అమ్మా, వీళ్ళ సాక్షి నోరు విప్పడం లేదు," అన్నాడు రాజధాని కంపాలా నుంచి వచ్చిన కంపెనీ లాయరు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

మేజిస్ట్రేటమ్మ నవ్వలేదు. "సాయంత్రం కోర్టు లేచేలోపు పలికితే వింటాను. లేదంటే ఇది లేకుండానే వాదనలు ముగిస్తాను," అని తరవాతి కేసు పిలిపించి, వీళ్ళను పక్క గదిలోకి పంపింది.

పక్క గదిలోకి వెళ్ళగానే అందరూ పికప్ నడిపిన ఒకేచ్ మీద పడ్డారు.

"గోతులు చూసి నడపరా అంటే గోతుల్లోనే నడిపావు కదరా!" అన్నాడు కిదేగా.

"గోతులు లేని రోడ్డు మీరు వేయించండి లదిత్, దానిమీదే నడుపుతా," అన్నాడు ఒకేచ్. పెద్దలను లదిత్ అనడం అక్కడి మర్యాద. ఆ మర్యాదలోనే వాడు చురక అంటించాడు.

ఫిల్దా మూత విప్పింది. అన్ని డిస్కుల తీగలూ వచ్చి కలిసేది ఒక కార్డుకి. దాన్ని బయటికి లాగి, తుడిచి, మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టింది. మళ్ళీ అదే గీత. అయితే ఈసారి యంత్రం లేచేటప్పుడు ఆ కార్డు తన గురించి తాను చెప్పుకునే తెరను ఆపి చదివింది. డిస్కులన్నీ క్షేమం. ఒక్కటీ చెడలేదు.

"గోతులది తప్పు కాదు. ఒకేచ్‌ది అసలే కాదు," అంది.

కోర్టు కంప్యూటర్లు చూసే ఒలుం తొంగి చూశాడు. మంచివాడే, సాయం చేద్దామని వచ్చాడు. "కార్డు మెనూలో డిస్కులను కొత్తగా కట్టుకునే దారి ఉంది. కట్టేస్తే పెట్టె లేచి కూర్చుంటుంది, సిస్టరూ."

"పెట్టె లేస్తుంది. లోపలున్నదంతా చెరిగిపోతుంది, లబేజా లేవడు," అంది ఫిల్దా.

ఒలుం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

లబేజా వదిన, ఒజారా తల్లి, అందుకే అందరికీ మిన్ ఒజారా, గోడవార కింద కూర్చుని ఉంది. "ఏమైందే పిల్లా? గొంతు పోయిందా ఆయనది?"

"పోలేదు పెద్దమ్మా. లోపలే ఉంది. తలుపు తెరుచుకోవడం లేదు."

"మరి తన్ను."

"తంతే తెరుచుకునే తలుపు కాదు."

ఫిల్దా కళ్ళు మూసుకుని ఒక్క ప్రశ్న వేసుకుంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? ప్రయాణం తప్ప ఏమీ మారలేదనిపించింది. కాదు, ఆపడం ఒకటి మారింది! కిందటి వానాకాలంలో లినక్స్‌ని కొత్త రకానికి మార్చింది తనే. స్థలం చాలక, లినక్స్‌కి గుండెలాంటి కెర్నెల్‌లో పాతదాన్ని చెరిపేసిందీ తనే. కానీ యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపితే తప్ప కొత్తది పనిలోకి దిగదు. ఆపితే స్టేషన్ పరువు పోతుందని ఎవరూ ఆపలేదు. ఇన్నాళ్ళూ పాతదే జ్ఞాపకంలో నడుస్తూ వచ్చింది. కొత్తదానికి ఇవాళే మొదటి రోజు, అదీ కోర్టులో. నిద్రపోదన్న గొప్పే కొంప ముంచింది.

అదే కొత్త రకం ఉన్న పెన్‌డ్రైవ్ ఆమె సంచిలో ఉంది. దానితో యంత్రాన్ని లేపింది. కార్డుతో మాట్లాడే డ్రైవర్ అనే ప్రోగ్రాంని పిలిస్తే అది వచ్చింది, తప్పేమీ లేదంది, ఊరుకుంది. పక్కనే కార్డు ఉంది. దాని ముఖం కూడా చూడలేదు.

తెర ఫోటో తీసి, ఫోనులో తమ గుంపుకి పంపింది. ఆ గుంపులో అందరూ ఈ సర్వర్‌లాగే విరాళంగా వచ్చిన యంత్రాలను నెట్టుకొచ్చేవాళ్ళే. ఆస్పత్రులవాళ్ళు, బడులవాళ్ళు, రేడియోలవాళ్ళు. విరాళం సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పైదేశాల్లో పనికిరాదని పారెయ్యడానికి ఖర్చయ్యే సామాను ఓడెక్కి ఇక్కడికొచ్చేసరికి దానమవుతుంది. ఫోటోలు దిగుతారు. ఆ తర్వాత, ఈ కార్డులు పాతబడ్డాయి, ఎవరూ వాడట్లేదని సాఫ్ట్‌వేర్‌లోంచి తీసేస్తారు. ఎవరూ అంటే ఎవరు? అడిగినవాళ్ళు లేరు. అందుకే ఈ జబ్బులకు మందు ఇక్కడే దొరుకుతుంది.

జాంబియాలోని ఎన్డోలా ఆస్పత్రి నుంచి చిలేషె గొంతు వచ్చింది. "అక్కా, మాకూ అదే దానం, అదే రోగం. డ్రైవర్‌కి నీ కార్డుతో మాట్లాడటం ఇప్పటికీ వచ్చు. గుర్తుపట్టొద్దని చెప్పారంతే. కార్డు నంబరు నువ్వే దాని చెవిలో చెప్పు, కదులుతుంది. రోగులు ఎదురుచూస్తున్నారు, ఉంటా."

ఫిల్దా ఆ మాట మళ్ళీ విన్నది. కార్డు ఉంది, డిస్కులున్నాయి, వాటిమీద మనుషుల గొంతులున్నాయి. గుర్తించడం మానేసినంత మాత్రాన లేనట్టేనట! తేయావోకి చేసింది కూడా అచ్చంగా ఇదే.

చేతులు మీటల మీదికి వెళ్ళాయి. వెళ్ళి ఆగాయి.

"కోర్టు గుమాస్తాని పిలవండి. మన లాయర్నీ, కంపెనీ లాయర్నీ పిలవండి," అంది.

కిదేగా గడియారం చూసుకున్నాడు. "టైము లేదే తల్లీ! ఆ కంపాలాయన భోజనానికి పోయాడు."

"రానివ్వండి లదిత్. నేనొక్కదాన్నే తెరిస్తే, లోపల ఏదో మార్చానంటాడు. అప్పుడు లబేజా రెండోసారి చచ్చిపోతాడు."

ఒకేచ్ పరిగెత్తాడు. లాయరు హోటల్లో మలక్వాంగ్ కూర మధ్యలో ఉన్నాడట. నిదానంగా తిన్నాడు. నిదానంగా చెయ్యి కడుక్కున్నాడు. అతను వచ్చేదాకా ఫిల్దా మీటల బల్లకు దూరంగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అదే ఆ రోజంతటిలోకీ కష్టమైన పని.

అందరూ చేరాక నంబరు కొట్టింది. ఏమీ కాలేదు.

"ఇంకేముంది?" అన్నాడు లాయరు.

ఆమె తల తిప్పలేదు. తెరను మళ్ళీ మొదటినుంచి చదివింది. కార్డుకి రెండు నంబర్ల జతలున్నాయి. చిప్పు తయారుచేసినవాళ్ళది ఒకటి, సర్వర్ అమ్మినవాళ్ళు తగిలించుకున్నది ఇంకొకటి. తొందరలో రెండోది కొట్టింది. ఈసారి ఒక్కో అంకె పైకి చదువుతూ మొదటిది కొట్టింది. గుమాస్తా కూడా ఆమెతోపాటు పెదాలు కదిపాడు.

ముందు ఏమీ లేదు. ఆ తర్వాత డిస్కుల ముందున్న దీపాల్లో ఒకటి ఆకుపచ్చగా కొట్టుకుంది. పక్కది. ఆ పక్కది. తెర మీద డిస్కుల పేర్లు వరసగా వచ్చి నిలబడ్డాయి.

"అదీ!" అని ఒలుం ఒకేచ్ వీపు మీద ఒక్కటిచ్చాడు.

ఫిల్దా మాత్రం గుమాస్తావైపు తిరిగింది. "సార్, దీన్ని చదవడానికి మాత్రమే తెరుస్తున్నాను. రాయడానికి వీల్లేకుండా. ఇదిగో ఈ మాట. చూశారా?"

గుమాస్తా కళ్ళజోడు పైకి జరిపి చూశాడు. "చూశాను."

మేజిస్ట్రేటమ్మ లేవబోతూ ఉండగా పెట్టెను లోపలికి మోసుకొచ్చారు. స్టేషన్ బ్యాటరీ ఒకటి దాని పక్కనే నడిచొచ్చింది, కరెంటు తీగ ఊడకుండా. లాయరు అననే అన్నాడు: "ఈ మధ్యాహ్నమంతా యంత్రం వీళ్ళ చేతుల్లోనే ఉందమ్మా."

"నా కళ్ళముందు ఉంది," అన్నాడు గుమాస్తా. "మీ కళ్ళముందు కూడా, లాయరుగారూ. మీరొచ్చేదాకా ఆ అమ్మాయి మీట ముట్టలేదు."

మేజిస్ట్రేటమ్మ మళ్ళీ కూర్చుంది. "వినిపించండి."

ఎండుగడ్డి తొక్కుతున్న చప్పుడు. దగ్గు. ఆ తర్వాత లబేజా. "కాలువ ఇక్కడ వంగుతుంది. వంపు దాటాక పెద్ద పుట్ట. అది దాటితే అవతలి వంశంవాళ్ళది, మనది కాదు, అబద్ధం చెప్పకూడదు. ఈ రాళ్ళు చూశారా? వీటికింద మా అమ్మ ఉంది. మెల్లగా నడవండి."

వెనకనుంచి ఒక ఆడగొంతు కసిరింది: "నువ్వు ముందు నీళ్ళు తాగు, ఆ దగ్గు చూడు!"

బెంచీ మీద మిన్ ఒజారా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ గొంతు ఆమెదే. "చెప్తే విన్నాడా?" అంది పైకే. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు.

ముసలాయన నడక ముగిసేదాకా కోర్టు లేవలేదు. మేజిస్ట్రేటమ్మ రికార్డింగును సాక్ష్యంగా తీసుకుంటున్నానంది. వచ్చే వారం కోర్టే తేయావోకి వస్తుందని, ఆ గొంతు వింటూ అదే దారిలో నడిచి ఒక్కో గుర్తూ చూస్తుందని ఆర్డరు చెప్పింది.

మిన్ ఒజారా లేచి నిలబడింది. "బూట్లు వేసుకుని రండమ్మా. లాయరు బాబూ, నువ్వూనూ. ఆ మెరిసే జోళ్ళతో వస్తే మా ముళ్ళు నీ పాదాలను గుర్తుపట్టేస్తాయి."

ఈసారి గదంతా నవ్వింది. ఫిల్దా వినిపించుకోలేదు. ఇంకో డిస్కు తగిలించి, లబేజా నడకను కోర్టు కోసం కాపీ తీస్తోంది.