తాళం వేసిన ఇరవై మూడు ఇళ్ళు

మొన్న ఖమ్మంలో రోడ్డు పక్కన ఒకామె నానబెట్టిన వెదురు చీలుస్తోంది. బొంగు విచ్చుకున్నప్పుడు వచ్చే ఆ పులిసిన నీటి వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు లెండి. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ వాసనకు ముందు కోపం వస్తుంది, ఆ తరువాతే ఎస్తేరమ్మ గారు గుర్తుకొస్తారు. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. మా ఆఫీసు గోడ మీద ఆవిడ ఫొటో లేదు. పేదల ఇళ్ళు కాజెయ్యాలని చూసిన పెద్దమనుషుల ఫొటోలకు మాత్రం ఇప్పటికీ దండలు మారుస్తూనే ఉన్నారు.

ఎనభైల్లో నేను గోదావరికి దగ్గరగా, అడవి అంచున ఉన్న ఒక చిన్న పట్టణం మున్సిపాలిటీలో హౌసింగు సెక్షన్ గుమాస్తాగా చేరాను. ఊరి పేరు చెప్పను, చెబితే ఇప్పటికీ కొందరికి కోపాలొస్తాయి. మాది పెనుబల్లి దగ్గర, కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం. గుడిసె అంటే ఏమిటో దూరం నుంచి తప్ప తెలియదు నాకు. ఎస్తేరమ్మ గారు మా సూపరింటెండెంటు. ఏన్కూరు వైపు మనిషి, చర్చి బడిలో పాఠాలు చెప్పిన పంతులు గారి కూతురు. పేదల ఇళ్ళ పట్టాలు చూడటమూ, చేతిపనుల వాళ్ళకు బ్యాంకు అప్పులు ఇప్పించడమూ ఆవిడ పనే. చేరిన వారానికే నన్ను వెంటబెట్టుకుని కాలనీకి తీసుకెళ్ళారు. నేను ఒక ఇంటి తలుపు మీద నంబరు చూసి రాసుకుంటుంటే నా చేతిలో పుస్తకం లాక్కున్నారు.

"తలుపు జూసి ఏం రాస్తవయ్యా? ముందటిది సర్కారు కట్టిన ఇల్లు. ఎనకది వాళ్ళు బతికే ఇల్లు. ఎనక్కి పోయి చూసినంకనే కలం తియ్యి."

ఆ మాట ఎందుకన్నారో ఆ వెనక దొడ్లోకి వెళ్ళాక తెలిసింది. ఆ వరుసలో ఇరవై మూడు ఇళ్ళూ మేదరి వాళ్ళవి. గంపలు, చేటలు, తడికెలు అల్లి బతికేవాళ్ళు. వాళ్ళకు కట్టింది ఒక్కటే గది, పైన సిమెంటు రేకు. వెదురు బొంగు నిలువునా పెట్టినా పట్టదు, అడ్డంగా పెట్టినా పట్టదు. ఇల్లు కట్టే ముందే ఆవిడ ఇంజనీరుతో పోట్లాడారట, "వీళ్ళు నిద్రపోనీకె ఒక్కదానికే ఇల్లు గడ్తున్నరా? పని ఏడ చేసుకోవాలె?" అని. "డిజైన్ పైనుంచి వచ్చింది మేడం" అన్నాడట ఆ మహానుభావుడు. పైనుంచి వచ్చిందట! పైన కూర్చున్నవాడు జన్మలో ఒక్క గంపైనా అల్లాడా? చివరికి ఆవిడే అప్పులిప్పించి, ప్రతి ఇంటి వెనకా ఒక పందిరి వేయించి, వెదురు నానెయ్యడానికి గుంటలు తవ్వించారు.

రెండేళ్ళు గడిచాయి. పక్కనే బస్టాండు వస్తుందని ఊరంతా అనుకున్నారు. అంతే, అప్పటిదాకా ముక్కు మూసుకుని ఆ వీధి దాటినవాళ్ళకు ఆ వీధి ముద్దొచ్చింది. పట్టాలు తీసుకుని ఇళ్ళలో ఉండనివాళ్ళెవరో సర్వే చెయ్యమని కమిషనర్ గారు నాకు కాగితం ఇచ్చారు. అదీ ఎప్పుడు? సరిగ్గా శ్రీరామనవమి వారంలో! మేదరి వాళ్ళు ఇంటిల్లిపాదీ పర్ణశాల పోయి, యాత్రికులకు బుట్టలు, చేటలు అమ్ముకుని పది రోజులకు తిరిగొస్తారని ఆ ఊళ్ళో చంటిపిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. అంతకు ముందు ఏడు మా అమ్మకు నేనే అక్కడ చేట కొన్నాను.

అయినా వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, రేకుల మీద నుంచి సెగ కొడుతోంది. ఒక్కో తాళం లాగి చూశాను. వెనక్కి వెళ్ళడానికి పట్టుమని పది అడుగులు కూడా ఉండవు. వెళ్ళలేదు. ఇరవై మూడు ఇళ్ళ ఎదురుగా 'నివాసం లేదు' అని రాసి, నీడన కూర్చుని సోడా తాగి వచ్చాను. ఫైలు అర్జంటని జవాను నెత్తిన నిలబడ్డాడు. ఎస్తేరమ్మ గారు కలం పట్టుకుని నా మొహంలోకి చూశారు.

"ఎనక్కి పోయి చూసినవా?"

"చూశానండి."

ఆవిడ సంతకం పెట్టారు. వెనక చూసినవాడు పండగ ప్రయాణాన్ని ఖాళీ ఇల్లని రాయడనుకుని, నా మాట నమ్మి పెట్టారు.

వారం తిరక్కుండానే పట్టాల రద్దు నోటీసులు తలుపులకు అంటించారు. ఎవరు చదవాలని? తాళాలు చదువుతాయా? ఎస్తేరమ్మ గారు వేరే పని మీద అటు వెళ్ళి నోటీసులు చూశారు. నన్ను కబురంపి పిలిపించారు. ఇళ్ళ వెనక్కి నడిపించారు. ప్రతి పందిరి కిందా గుంట నిండా నీళ్ళు, నీళ్ళలో వెదురు, పైకి తేలకుండా దాని మీద రాళ్ళు.

"ఇల్లు ఇడిచి పోయెటోడు వెదురు నానేసి పోతడా? చెప్పు! గుంట నిండ నీళ్ళు మోసి పోతడా?" ఆవిడ ఒక తడి బొంగు పైకి లాగి నా ముందు పెట్టారు. "నన్నెంత పని చేయించినవయ్యా!"

ఆ రోజే నన్ను బస్సెక్కించి పర్ణశాల తీసుకెళ్ళారు. యాత్రికుల మధ్య ఒక్కొక్కరినీ వెతికి పట్టుకున్నాం. అమ్ముడుపోని బుట్టలు నెత్తిన పెట్టుకుని అందరూ తిరిగొచ్చి మర్నాడు ఆఫీసు వరండాలో కూర్చున్నారు. కమిషనర్ గారు ఏ మాత్రం తొణక్కుండా, "రిపోర్టు మీ సెక్షన్ ఇచ్చిందే కదా మేడం" అన్నారు. సర్వేకు ముందే ఆ ఇళ్ళకు కొత్త పేర్ల జాబితా టైపు చేయించి సొరుగులో పెట్టుకున్న మనిషి ఆ మాట అన్నాడు! సిగ్గూ శరం ఉండక్కర్లేదూ? ఎస్తేరమ్మ గారు బల్ల మీద చెయ్యి వేసి, "రిపోర్టు తప్పు. తప్పని నేనే రాసిస్త. మీరు రద్దు చేసిన కాగితం రద్దు చెయ్యుండ్రి, లేకుంటే వీళ్ళతోపాటు నేను గూడ ఆ వరండాల్నే కూసుంట" అన్నారు. మూడు రోజులు కూర్చున్నారు కూడా, ఫైళ్ళు ముందేసుకుని, మేదరి వాళ్ళ మధ్యన.

ఇరవై రెండు ఇళ్ళు దక్కాయి. ఇరవై మూడోది నర్సమ్మది. భర్త లేడు, ఒక్కతే మనిషి. ఆమె ఇంటి తాళం అప్పటికే పగలగొట్టి కౌన్సిలర్ బావమరిది సామాను దించేశాడు, కరెంటు మీటరు కూడా పెట్టించుకున్నాడు. "ఆ ఒక్కటీ వదిలెయ్యండి" అన్నారు అందరూ. ఒక్కటేనట! నర్సమ్మకు మాత్రం ఎన్ని ఇళ్ళున్నాయి?

నర్సమ్మ ఏడవలేదు, తిట్టలేదు. మా సెక్షన్ గుమ్మంలో నిలబడి ఒక్క మాట అడిగింది.

"నేను లేనని ఎవరు రాసిండ్రమ్మా?"

నేను రిజిస్టరులో తల దూర్చాను. ఎస్తేరమ్మ గారు లేచి నిలబడ్డారు. "నేనే సంతకం పెట్టిన నర్సమ్మా. కండ్లతోని చూడకుంట పెట్టిన."

ఆమె వెళ్ళిపోయాక, "నా పేరు ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"నా తప్పు నేను చెప్పుకున్న. నీది నువ్వు పోయి చెప్పుకోవాలె. నేను చెప్తే నీకేం లాభం?"

నెల తిరక్కుండా ఆవిడను దూరంగా బదిలీ చేశారు, రావలసిన ప్రమోషనూ ఆపేశారు. నాకు మాత్రం ఏమీ కాలేదు. నర్సమ్మ దగ్గరకు పోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. గోదారి ఒడ్డున మళ్ళీ గుడిసె వేసుకుని ఉంది. చేటకు అంచు కడుతూ, చెయ్యి ఆపకుండా నేను చెప్పింది విన్నది.

"నాకెరికే సారూ. నువ్వు తాళం గుంజి చూసుడు ఎదురు వరుసల ముసలామె చూసింది."

"మరి అప్పుడు అందరి ముందు అనలేదేం?"

"నువ్వే అంటవేమోనని చూసిన." దారం కొరికి తెంపింది. "ఎస్తేరమ్మ ఏడాదికోపాలి బస్సుల వస్తది. నీ ఇల్లు పోగొట్టిన అని ఈడ్నే కూసుంటది. ఆమె మీద కోపం ఎప్పుడో పోయింది. నీ మీద పోలే. పోనియ్య గూడ."

కూర్చోమని కూడా అనలేదు. ఆ తరువాత ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను వెనక్కి వెళ్ళి చూడకుండా ఒక్క ఇంటి గురించీ రాయలేదు. పై అధికారులతో తగాదాలు పడ్డాను, పేదల మనిషినని పేరు కూడా తెచ్చుకున్నాను. రిటైరైన రోజు సభ పెట్టి పొగుడుతుంటే నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది. ఎస్తేరమ్మ గారు అప్పటికే లేరు. నర్సమ్మ కూడా లేదు, ఆ గుడిసెలోనే పోయింది. కౌన్సిలర్ బావమరిది మనవలు ఆమె ఇంటి మీద రెండో అంతస్తు వేసుకున్నారు.