ఎలుకలకు చెప్పిన మాట

శామీర్‌పేట దగ్గర మా ల్యాబులో ఎలుకల మీసాలు కత్తిరించే పని ఒక అన్న చేసేవాడు. మేడ్చల్ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు.

చీకటి పెట్టెలో ఎలుక మీసాలతో గోడలు తడుముకుంటూ తిండి ఉన్న దారి నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక ఆ మీసాలు తీసేస్తే మెదడులో ఏ రసాయనం తగ్గుతుందో చూడటం మా పని. ఎలుకను తువ్వాలులో చుట్టి, కత్తెర అందుకునే ముందు అన్న తన దట్టమైన మీసాన్ని ఒకసారి సవరించుకునేవాడు. "మళ్ల మొలుస్తయిలే" అని ఎలుకతో అనేవాడు. ప్రతి ఎలుకకూ అదే మాట. అవి మొలిచేలోపే మెదడు తీసి పరీక్షకు పంపుతామని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మరి ఎందుకంటాడో నేనెప్పుడూ అడగలేదు.

వాళ్ల నాయిన పోయాడు. దినాలయ్యాక అన్న గుండుతో, మీసం లేని ముఖంతో పనిలోకి వచ్చాడు. ఎలుకను తువ్వాలులో చుట్టాడు. అలవాటుగా పెదవి మీదికి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన మాటే ఆయనతో అన్నాను.

"మళ్ల మొలుస్తయిలే అన్నా."

ఆయన ఎలుకనే చూస్తున్నాడు.

"నావైతే మొలుస్తయి," అన్నాడు. "కత్తెరియ్యి."

కొన్నాళ్లకు ఆయన మీసం మళ్లీ దట్టంగా వచ్చింది. కత్తెర అందుకునే ముందు దాన్ని సవరించుకునేవాడు. ఏ ఎలుకతోనూ ఏమీ అనేవాడు కాదు.