ఎనిమిది విలాయతి చెక్కలు

మొన్న మనవరాలితో హైదరాబాదులో ఒక వాద్యాల దుకాణానికి వెళ్లాను. గోడకు వరసగా వేలాడుతున్న గిటార్లలో ఒకదాన్ని ఆ పిల్ల దింపించి నా ఒళ్లో పెట్టింది. నేను తీగలు ముట్టుకోకుండా, తలవంచి దాని పొట్ట మీది గుండ్రటి కంతకు ముక్కు ఆనించి గట్టిగా వాసన పీల్చాను. దుకాణంలో కుర్రవాడు కంగారుపడ్డాడు, మనవరాలు సిగ్గుపడింది. చిత్రిక పట్టిన చెక్క, ఆరిన జిగురు, లక్క పాలిష్ కలిసిన ఆ వాసనకు డెబ్బై ఏళ్ల తర్వాత కూడా నా గుండె దడదడలాడుతుందని వాళ్లకేం తెలుసు!

నైజాం సర్కారు పోయి నాలుగైదేళ్లయిన రోజులవి. నాకు పదేళ్లు. నాయన తాండూరు నాపరాయి గనుల్లో పనిచేసేవాడు, అమ్మ ఆయన దగ్గరుండేది, నన్ను మాత్రం బడి కోసం వికారాబాదులో సామేలు తాత, అవ్వల దగ్గర ఉంచారు. చలికాలం పొద్దున అనంతగిరి గుట్టల మీది మంచు స్టేషను దాకా దిగివచ్చి బళ్ల కూతలు మాత్రమే వినపడుతూ బళ్లు కనపడకుండా ఉన్నప్పుడు, అవ్వ ఉప్పువేసి ఉడికించిన కందికాయలు ఒలుచుకు తింటూ, తాత పనిచేసే చోట రంపపు పొట్టులో మోకాళ్ల దాకా కాళ్లు దూర్చుకుని కూర్చోవడం కన్నా నాకు పెద్ద సుఖం తెలియదు. తాత వడ్రంగి. బండిచక్రాలు, నాగళ్లు, తలుపులు, ప్రార్థన మందిరంలో బల్లలు, చనిపోయినవాళ్లకు పెట్టెలు, అన్నీ ఆయన చేతివే. ఏ చెక్క దొరికినా ముందు వేలి కణుపుతో కొట్టి వినేవాడు. ఆ ఏటికి ఆయన చెవులు సగం పనిచేయడం మానేశాయి కాబట్టి కొట్టడం ఆయన వంతు, వినడం నా వంతు అయింది.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల రైల్వే గార్డు దొర ఒకాయన ఉండేవాడు. సాయంత్రాలు గిటార్ వాయిస్తుంటే నేను కిటికీ పట్టుకుని వేలాడేదాన్ని. జాలిపడి నాలుగైదు పాటలు నేర్పాడు, బదిలీ అయి పోతూ పోతూ గిటార్ నా చేతిలోనే పెట్టి పోయాడు. ఆ వాద్యం నా దగ్గర మూణ్నెల్లుంది. పరిగిలో పెళ్లికి వెళ్లి ఎడ్లబండిలో తిరిగి వస్తూ, గొంగట్లో చుట్టిపెట్టిన మూటను పక్కచుట్ట అనుకుని దాని మీద చతికిలబడ్డాను. ఫెళ్లుమన్న చప్పుడు ముందు, అది దేని చప్పుడో తెలియడం తర్వాత. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు తాత ఆ ముక్కలన్నీ ముందేసుకుని కూర్చుని, ఒక పెంకును వేళ్ల మధ్య పట్టి చూసి తెగ ఈసడించుకున్నాడు.

"గింత పల్చగ జేసిండు గాబట్టే ఇరిగింది. నేను జేస్త గట్టిది. ఏనుగు కూసున్నా ఏం గాదు."

ఇక చెక్క వెతుకులాట. టేకు, వేప, మద్ది, ఏది కొట్టినా నా చెవికి మొద్దుగానే ఉంది. అప్పుడు నాకు అటక గుర్తొచ్చింది. దాగుడుమూతల్లో నేను నక్కే చోటది. అక్కడ గోనెగుడ్డలో చుట్టిన ఎనిమిది పొడుగాటి చెక్కలుండేవి. ఎర్రగా, నున్నగా ఉండి, గోటితో కొడితే కంచు చెంబులా మోగేవి. స్టేషనులో ఎప్పుడో దొరలు తిరిగిన పాత సెలూను రైలుపెట్టెను విరగ్గొట్టినప్పుడు తాత అడిగి తెచ్చుకున్న మహాగని అది. సముద్రాలు దాటి వచ్చిందని ఆయన దాన్ని విలాయతి చెక్క అనేవాడు. అటకెక్కి ఒకటి కిందికి జార్చి, "తాతా, గిదే కావాలె" అన్నాను. ఆయన చెక్కను చూశాడు, నన్ను చూశాడు. చుట్ట నములుతూ చెక్కను ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరాడు. "మంచిగ మోగుతదా?" అని అడిగాడు. మోగుతుందన్నాను. సరే అన్నాడు.

గిటార్ వీపుకు, పక్కలకు విలాయతి చెక్క. ముఖం పలక కోసం హార్మోనియం వచ్చిన పెట్టెలోని తెల్లటి దేవదారు దొరికింది. వేళ్లతో తీగలు నొక్కే మెట్ల పట్టీకి తునికి చేవ, మెడకు టేకు. పలకలు వంకర లేకుండా అరగదీయడానికి చదునైన రాయి కావాలని తాత నన్ను తాండూరు తీసుకుపోయాడు. ఊరంతా రాతి పొడి కమ్ముకుని, ఇళ్ల కప్పుల మీద కూడా నాపరాళ్లే పరచి ఉంటే, అమ్మ పెట్టిన వేడి జొన్నరొట్టె చేతిలో పట్టుకుని నేను తాత వెంట బండ బండనూ కొట్టి వింటూ తిరిగాను. నాయన నవ్వి, అద్దంలాంటి బండ ఒకటి ఏరి, ఇద్దరు కూలీలతో రైలెక్కించాడు.

మొదటి గిటార్ నెలన్నరలో తయారైంది. పాతదాని వంకర్లన్నీ దించాడు గానీ పలకలు మాత్రం తలుపు చెక్కలంత మందం పెట్టాడు. తీగలు బిగించక ముందే దాన్ని నేల మీద పరిచి, "కూసో" అన్నాడు. కూర్చున్నాను. ఎగిరెగిరి కూర్చున్నాను. చెక్కు చెదరలేదు. తాత మీసం మెలేశాడు. పాతదాని తీగలు బిగించి నా చేతికిచ్చాడు. మీటాను. గోనెసంచిని కర్రతో కొట్టినట్టుంది. ఆయనకు సరిగా వినపడదు కదా, చప్పుడు కోసం నా ముఖంలోకి చూశాడు. నేను అబద్ధం ఆడాలనుకున్నాను, కానీ కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. ఆయన ముఖం పాలిపోయింది. యాభై ఏళ్లు చెక్కతో బతికిన మనిషి అంతలా నిశ్చేష్టుడవడం నేను మళ్లీ చూడలేదు.

మర్నాడే రెండోది మొదలుపెట్టాడు. ఈసారి పాత పెంకులను పక్కన పెట్టుకుని అంతే పల్చన చేశాడు. చెక్కను నీళ్లలో నానబెట్టి, నిప్పుల్లో కాల్చిన ఇనప గొట్టానికి ఒత్తి వంచుతుంటే మొదటి పక్క విరిగింది, రెండోదీ విరిగింది, మూడోది నిలబడింది. రెండు గిటార్లకు, విరిగిన పక్కలకు కలిపి ఎనిమిది చెక్కలూ అయిపోయాయి. ఆ సంగతి అవ్వకు క్రిస్మస్ ముందు తెలిసింది. అరిసెల మూకుడు కోసం అటకెక్కిన మనిషి ఖాళీ గోనెగుడ్డతో దిగి, ఇల్లు అదిరేటట్టు అరిచింది.

"నీ పెట్టె చెక్కలు కోసినవా ముసలోడా! రేపు నిన్ను దేంట్ల వెట్టి మోస్తరయ్యా!"

అప్పుడు తెలిసింది నాకు. మా సంఘంలో బీదవాళ్లందరికీ కలిపి ఒకటే మామిడి చెక్క పెట్టె ఉండేది. శవాన్ని అందులో మోసుకుపోయి, గుంత దగ్గర బయటికి తీసి, గుడ్డతో దింపి, ఖాళీ పెట్టెను మళ్లీ మందిరం వెనక గోడకు ఆనించేవాళ్లు. తన తండ్రిని అలా దింపడం తాత చిన్నప్పుడు కళ్లారా చూశాడట. తాను మాత్రం సొంత పెట్టెలో పోవాలని ఇరవై ఏళ్లుగా ఆ ఎనిమిది చెక్కలూ దాచుకున్నాడట. అవి కావాలన్నది నేనే! తాత నా పేరు ఎత్తలేదు.

"సచ్చినోనికి ఏ పెట్టయితేంది? పోరి వాయించుకోనీ," అని చిత్రిక అందుకున్నాడు.

క్రిస్మస్ నాడు కొత్త గౌను వేసుకుని, గారెలు తిన్న నూనె వాసన చేతులతోనే గిటార్ ఎత్తుకుని మందిరంలో వాయించాను. మందిరమంతా నిండిపోయింది ఆ నాదం. తాత ముందు బల్ల మీద నుంచి లేచి వచ్చి, అందరూ చూస్తుండగా దాని వీపు మీద అరచేయి పెట్టి, చెక్కలోని వణుకు తెలిసిందేమో, చిన్నపిల్లవాడిలా కిలకిలా నవ్వాడు.

వేసవి రాకముందే పోయాడు. మధ్యాహ్నం చిత్రిక పడుతూ పక్కకు ఒరిగాడు, అంతే. మామిడి పెట్టె వచ్చింది. గుంత దగ్గర ఆయన్ని బయటికి తీసి గుడ్డతో దింపుతుంటే, తాత పాదాలు రెండూ బయటికి కనపడ్డాయి. ఖాళీ పెట్టె పక్కన ఒట్టిగా నిలబడి ఉంది. పాటల కోసం తెచ్చిన గిటార్ నా చేతుల్లోనే ఉంది. అవ్వ నా వైపు తిరిగి గుంతలోకి చేయి చూపింది. కోపం లేదు ఆ గొంతులో.

"ఆయన చెక్కలు ఆయనకియ్యి బిడ్డా."

అందరూ నా వైపు చూశారు. మట్టి వేసేవాళ్లు ఆగారు. నేను గిటార్‌ను గుండెకు హత్తుకుని "నేనియ్య" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే ఇప్పటికీ నమ్మలేను. అవ్వ కొంగు తల మీదికి లాక్కుని పక్కకు జరిగింది. ముందు నాయన, తర్వాత అందరూ మట్టి వేశారు.

ఇప్పుడు మామిడి పెట్టె లేదు. ఆ అటక లేదు, చెక్కను కొట్టి వినే మనిషి ఆ వాడలో ఒక్కడూ లేడు. నేను పంతులమ్మనై తాండూరుకు పోతూ గిటార్‌ను మందిరంలో పిల్లలకిచ్చాను. అక్కడినుంచి ఎవరో కుల్కచర్ల తీసుకుపోయారన్నారు, మరొకరు చెద పట్టిందన్నారు, ఇంకొకరు అసలలాంటిది చూడలేదన్నారు. ఏళ్లకేళ్లు అడుగుతూ తిరిగాను. ఆ రోజు అవ్వ చేతికిచ్చి ఉంటే, అది ఎక్కడుందో ఈ రోజు నాకు తెలిసి ఉండేది.